పర్లాకిమిడిలో మూకీ సినిమా షో: లోయిస్ వెబర్ కోసమైనా వెళ్ళండి

పర్లాకిమిడిలో కోట వెనక వీధుల్లో ఒక పాత ధాన్యం గోడౌనుకి సున్నం కొట్టించి, నెలకో ఆదివారం సాయంత్రం అందులో మూకీ సినిమాలు వేస్తున్నారు. టికెట్టు 60 రూపాయలు, స్కూలు పిల్లలకి 30. తెరమీద వచ్చే అక్షరాల్ని ఒకాయన ముందు తెలుగులో, ఆ వెంటనే ఒడియాలో చదివి చెబుతారు. పక్కన హార్మోనియం, డోలక్ ఉంటాయి. ఈ విడత మాత్రం వరసగా రెండు ఆదివారాలు పెట్టి, లోయిస్ వెబర్ అనే అమెరికన్ దర్శకురాలి సినిమాలే వేశారు. మొదటి వారం 'సస్పెన్స్', 'షూస్', రెండో వారం 'ద బ్లాట్'. నేను ఇక్కడే ఒక ప్రైవేటు కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌ని, మా వదిన బజార్లో బట్టల కొట్లో పనిచేస్తుంది. ఇద్దరం కలిసి వెళ్ళాం. మా ఉద్యోగాల సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ఈ మూడు సినిమాల్లో రెండు సరిగ్గా మా ఇద్దరి జీతాల గురించే.

ముందే చెప్పేస్తున్నాను, తప్పకుండా వెళ్ళండి. బొమ్మ శుభ్రంగా ఉంటుంది, సంగీతం బాగుంటుంది, టికెట్టుకి మించిన విలువ. నాకున్న ఫిర్యాదు ఒక్కటే, వ్యాఖ్యానం మరీ ఎక్కువ. అక్షరాలు చదవాలి, కాదనను, ఇంగ్లీషు రానివాళ్ళకి అది లేకపోతే కథే అందదు. కానీ అక్షరాలు లేని చోట కూడా ఆయన ఊరుకోరు. "ఇప్పుడు చూడండి, ఈ తల్లి మనసులో ఏమనుకుంటోందో" అని అందుకుంటారు. లోయిస్ వెబర్ సినిమాలో తల్లి మనసులో ఏమనుకుంటోందో చెప్పడానికి మనిషి అక్కర్లేదు, ఆవిడ అరిగిపోయిన తివాచీ చూపిస్తుంది, చిరిగిన కుర్చీ చూపిస్తుంది, మిగతాది మనకే తెలిసిపోతుంది. ఆ చూసే తీరికని వ్యాఖ్యానం లాగేసుకుంటోంది. ఈ రివ్యూ రాస్తున్నది కూడా ప్రధానంగా ఆ ఒక్క మాట నిర్వాహకుల చెవిన పడాలనే.

ముందు బాగున్నవాటి సంగతి. మూకీ సినిమా అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది మనుషులు గెంతుతూ, గబగబా కీ ఇచ్చిన బొమ్మల్లా నడవడం. అది ఆ సినిమాల తప్పు కాదు. అప్పటి కెమెరాలు చేత్తో తిప్పేవి, సెకనుకి 16 నుంచి 20 ఫ్రేముల దాకా తీసేవారు. టాకీలు వచ్చాక వేగం 24కి స్థిరపడింది, పాత బొమ్మల్ని ఆ వేగంతోనే తిప్పేసరికి నడక పరుగైపోయింది, ఏడుపు నవ్వులాటైపోయింది. ఇక్కడ ఆ గోల లేదు. నిర్వాహకుడైన పెద్దాయన ఒకప్పుడు పాతపట్నం, కాశీనగర్, గుణుపూర్ వైపు తిరిగిన టూరింగ్ టాకీసులో ఆపరేటరుగా చేశారట, అందుకే వేగం విషయంలో చాలా పట్టింపు మనిషి. ఇప్పుడు వాడేది రీలు కాదు, విదేశాల్లో బాగుచేసి విడుదల చేసిన డిస్కుల్ని వీడియో ప్రొజెక్టర్ మీద వేస్తున్నారు, అయినా మొదలుపెట్టేముందు తెర అంచులు, ఫోకస్ చూసుకోవడానికి ఆయనే స్వయంగా వెనక వరస దాకా నడిచొస్తారు. ఈ రోజుల్లో పెద్ద పెద్ద హాళ్ళలో కూడా ఎవరికీ అంత ఓపిక లేదు.

డిస్కులో వచ్చే సంగీతం ఆపేసి హార్మోనియం పెట్టడం మంచి నిర్ణయం. వాయించే మాస్టారు శ్రీకాకుళం వైపు పద్యనాటకాలకి వాయించిన మనిషి, పాత్ర ముఖం చూస్తూ వాయించడం ఆయనకి కొత్త కాదు. ఎక్కడ వాయించాలో తెలియడం ఒక ఎత్తు, ఎక్కడ చెయ్యి తియ్యాలో తెలియడం ఇంకో ఎత్తు, ఈయనకి రెండూ తెలుసు. పక్కన మైకు పట్టుకున్నాయనకి ఆ రెండోదే రావాలి.

సినిమాకి ముందు అరగంట పరిచయం ఉంటుంది. అది కూడా బాగానే చెప్పారు, కానీ వెబర్‌ని "ప్రపంచంలో మొట్టమొదటి మహిళా దర్శకురాలు" అన్నారు, అది సరికాదు. ఆ గౌరవం ఫ్రాన్సుకి చెందిన ఆలిస్ గీ గారిది, ఆవిడ 1896లోనే సినిమాలు తీయడం మొదలుపెట్టింది. లోయిస్ వెబర్‌కి దక్కాల్సింది వేరే ఉంది. 1914లో 'ద మర్చెంట్ ఆఫ్ వెనిస్' తీసి, పూర్తి నిడివి కథాచిత్రానికి దర్శకత్వం వహించిన తొలి అమెరికన్ మహిళ అయింది. అదే చాలు, ఇంకొకరిది తెచ్చి పెట్టనక్కర్లేదు. విచిత్రమేమిటంటే వీళ్ళిద్దరికీ నిజంగానే సంబంధం ఉంది. 1908 ప్రాంతంలో వెబర్ పనిచేసింది ఆలిస్ గీ దంపతులున్న గామోన్ అనే ఫ్రెంచి సినిమా కంపెనీలోనే, అక్కడ క్రోనోఫోన్ అని, గ్రామఫోను పళ్ళెం మీద పాట తిరుగుతుంటే దానికి తగ్గట్టు తెరమీద పెదాలు కదిలే బొమ్మలు తీసేవారు. మన తెలుగువాళ్ళకి ఇది పరాయి కథేం కాదు. మచిలీపట్నంలో పుట్టి మద్రాసులో ఫొటో స్టూడియో నడిపిన రఘుపతి వెంకయ్య నాయుడు 1910 ప్రాంతంలో తెప్పించి ఊరూరా తిప్పిన క్రోనోమెగాఫోన్ అనే బొమ్మల యంత్రం ఉందే, అది కూడా ఆ గామోన్ వారి సరుకే. అక్కడ ఆవిడ పని నేర్చుకున్న చోటి నుంచే ఇక్కడ మన సినిమాకి మొదటి యంత్రం వచ్చిందన్నమాట. ఈ ముక్క పరిచయంలో చెప్పి ఉంటే హాల్లో సగంమంది నిటారుగా కూర్చునేవారు. వచ్చేసారికైనా చేర్చండి.

వెబర్ పుట్టింది 1879లో, పెన్సిల్వేనియా రాష్ట్రంలో అలిఘెనీ అనే ఊళ్ళో, ఇప్పుడది పిట్స్‌బర్గ్‌లో కలిసిపోయింది. దైవభక్తి గల ఇల్లు. చిన్న వయసులోనే పియానో కచేరీలు చేసింది, ఒక కచేరీలో పియానో మెట్టు ఊడి చేతిలోకి వచ్చిందని, అప్పటితో కచేరీలంటే ధైర్యం పోయిందని తర్వాత ఆవిడే చెప్పుకుంది. ఆ తర్వాత చర్చి వాళ్ళతో కలిసి వీధుల్లో భజనలు పాడుతూ బీదవాళ్ళ మధ్య పనిచేసింది. తర్వాత నాటకాలు, 1904లో తోటి నటుడు ఫిలిప్స్ స్మాలీతో పెళ్ళి, అక్కణ్ణుంచి సినిమా. ఈ వరసలో నాకు ముఖ్యమనిపించేది ఆ వీధి ప్రచారం. ఉపన్యాసాలు ఎవరూ వినరని, కళ్ళెదుట చూపిస్తే చూస్తారని ఆవిడకి అక్కడే తెలిసుంటుందని నా నమ్మకం. అయినా ఉపదేశం చేసే అలవాటు మాత్రం పూర్తిగా పోలేదు, ఆ సంగతి 'షూస్' దగ్గర చెబుతాను.

'సస్పెన్స్' 1913 నాటిది, పది నిమిషాల ఒంటి రీలు బొమ్మ. కథ చిన్నదే. ఊరి చివర ఇంట్లో పసిబిడ్డతో ఒంటరిగా ఉన్న భార్య, పనమ్మాయి ఉత్తరం రాసిపెట్టి తాళం చెవి గుమ్మం దగ్గర పట్టా కింద దాచి వెళ్ళిపోతుంది, ఒక దిమ్మరి అది చూస్తాడు. భార్య పాత్ర వెబరే వేసింది. ఆమె భర్తకి ఫోన్ చేస్తుంది. అప్పుడు తెర మూడు ముక్కలవుతుంది: మధ్యలో త్రికోణంలో ఆఫీసులో భర్త, ఒక మూల ఫోన్ పట్టుకున్న భార్య, ఇంకో మూల ఇంట్లోకి చొరబడుతున్న దిమ్మరి. ముగ్గురూ ఒకేసారి. నూట పదేళ్ళ కిందటి సినిమాలో ఇది చూసి మా వెనక వరస కుర్రాళ్ళు గట్టిగానే ఈల వేశారు. ఫోన్ తీగ తెగిపోతుంది, భర్త రోడ్డు మీద ఎవరిదో కారెక్కి పరిగెడతాడు, వెనక పోలీసులు తరుముతుంటే ఆ బండి కారు పక్కనున్న చిన్న అద్దంలో కనబడుతుంది. ఇంకోచోట భార్య మేడ కిటికీలోంచి కిందికి చూస్తుంది, దిమ్మరి తలెత్తి నేరుగా మన కళ్ళలోకి చూస్తాడు. నా పక్కన కూర్చున్న ఒక అమ్మమ్మగారు "ఓలమ్మో" అని చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఈ బొమ్మని 2020లో అమెరికా వాళ్ళ జాతీయ సినిమా రిజిస్ట్రీలో, అంటే భద్రంగా దాచుకోవాల్సిన సినిమాల జాబితాలో, చేర్చారు. ఇక్కడ వ్యాఖ్యానం దాదాపు లేదు, బొమ్మ అంత వేగంగా పరిగెడుతుంటే మాట్లాడటానికి ఆయనకి సందు దొరకలేదు. మొత్తం ప్రోగ్రాంలో బాగా పండిన పది నిమిషాలు అవే.

ఇక 'షూస్'. 1916. పదిసెంట్ల సరుకులమ్మే కొట్లో ఈవా మేయర్ అనే అమ్మాయి రోజంతా నిలబడి పనిచేస్తుంది, వారానికి 5 డాలర్లు. ఆ డబ్బు తెచ్చి తల్లి చేతిలో పెట్టాలి. తండ్రి మంచం మీద పడుకుని నవలలు చదువుకుంటూ పైపు కాలుస్తుంటాడు, కింద చెల్లెళ్ళు ఉన్నారు. ఆ అమ్మాయి బూట్ల అడుగు అరిగి చిల్లు పడింది. ప్రతి శనివారం కొత్త జత కొనుక్కుంటానంటుంది, ప్రతి శనివారం ఆ డబ్బు ఇంటి ఖర్చుకి పోతుంది. రాత్రిళ్ళు అట్టముక్క తీసుకుని, బూటు పెట్టి గీత గీసుకుని, కత్తిరించి లోపల పెట్టుకుంటుంది. వాన పడితే ఆ అట్ట నానిపోతుంది. కథంతా ఇంతే అనిపిస్తుంది గానీ ఆ అట్ట కత్తిరించడం ఎంతసేపు చూపించిందో చూడాలి. తొందర లేదు. చేతులు, కత్తెర, అట్ట. ఆ తర్వాత వేడినీళ్ళలో కాళ్ళు పెట్టుకోవడం.

మా వదిన అంతవరకు సినిమా ఎలా ఉందని ఒక్క మాట అనలేదు. ఆ వేడినీళ్ళ దగ్గర నా చెయ్యి పట్టుకుని, "ఆ పిల్ల కాళ్ళు చూసినావా, రాత్రి నేనూ అదేగా చేస్తాను, ఉప్పేసుకుంటాను అంతే తేడా" అంది. సరిగ్గా అప్పుడే మైకులో "పాపం ఈ పేద బాలిక తన పాదాలకు ఉపశమనం కలిగించుకొనుచున్నది" అని వినబడింది. కాళ్ళు నీళ్ళలో పెట్టుకుంటే ఉపశమనమని ఎవరైనా చెప్పాలా? ఆ కొట్లో నిలబడే ఉద్యోగం చేసేవాళ్ళు హాల్లో ఎంతమంది ఉన్నారో ఆయనకి తెలీదు. మన దేశంలో కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టం సవరించి కొట్లలో పనిచేసేవాళ్ళకి కూర్చునే హక్కు ఇచ్చాయి. సినిమా వచ్చింది 1916లో. ఆ దూరాన్ని తల్చుకుంటూ నిశ్శబ్దంగా చూడాల్సిన చోటది.

చివరికి ఆ అమ్మాయి బూట్ల కోసం తనను తాను అమ్ముకుంటుంది. ఆ సంగతి దాచలేదు వెబర్, మొదట్లోనే చెప్పేస్తుంది, షికాగోలో బీదల మధ్య పనిచేసిన జేన్ ఆడమ్స్ రాసిన పుస్తకంలోని ఒక నిజమైన అమ్మాయి ఉదంతంతోనే బొమ్మ మొదలవుతుంది. కాబట్టి ఏం జరుగుతుందా అనే ఉత్కంఠ ఉండదు, ఎలా జరిగిందో రోజు రోజుకీ చూస్తూ కూర్చోవాలి. ఆ రాత్రి వెళ్ళేముందు పగిలిన అద్దంలో ముఖం చూసుకుంటుంది. మర్నాడు కొత్త బూట్లతో ఇంటికొస్తుంది, తల్లి బూట్లవైపు చూస్తుంది, తర్వాత ముఖంవైపు చూస్తుంది, కూతురు తల్లి ఒడిలో పడిపోతుంది. ఆ పూటే తండ్రి తనకి ఉద్యోగం దొరికిందని చెబుతాడు. ఈవాగా వేసిన మేరీ మెక్‌లారెన్ అప్పటికి కొత్తమ్మాయి, కానీ అలసట అంటే ఏమిటో ఆ భుజాలు చూస్తే చాలు.

వెబర్‌ని కూడా ఒక మాట అనాలి. ఈవా పడుకుని ఉండగా చీకట్లోంచి ఒక పెద్ద చెయ్యి ఆమె మీదికి వస్తుంది, దాని మీద పేదరికం అని ఇంగ్లీషులో రాసి ఉంటుంది. అంతవరకు అట్టముక్కతో చెప్పిన మనిషికి ఈ రాతెందుకు? వీధి ప్రచారం నాటి అలవాటు అక్కడక్కడ ఇలా బయటపడుతుంది. 1915లో తీసిన 'హిపోక్రిట్స్'లో అయితే సత్యాన్ని నగ్నంగా ఉన్న స్త్రీగా చూపించి, ఒక బొమ్మ మీద ఇంకో బొమ్మ పడేలా తీసి, అది ఊరూరా తిరిగి మనుషుల ముందు అద్దం పట్టినట్టు చేసింది. అప్పట్లో పెద్ద గొడవైంది, డబ్బులూ వచ్చాయి. 1916లోనే వచ్చిన 'వేర్ ఆర్ మై చిల్డ్రన్?' కుటుంబ నియంత్రణ గురించి, గర్భస్రావం గురించి, పెన్సిల్వేనియాలో నిషేధించారు. అందులో బీదవాళ్ళు పిల్లల్ని కనకుండా ఉంటే మంచిదన్నట్టు, డబ్బున్న ఆడవాళ్ళు కనకపోతే పాపమన్నట్టు ఉండే వాదన నాకు అసలు నచ్చదు. ఈ ప్రోగ్రాంలో దాన్ని వేయలేదు. నా ఉద్దేశంలో పెద్దవాళ్ళకి మాత్రమే అని పెట్టి వేయాల్సింది, ఆ తర్వాత ఒక అరగంట చర్చ పెట్టినా బాగుండేది. మంచి దర్శకురాలు అనగానే ఆవిడ చెప్పినవన్నీ ఒప్పుకోవాలని లేదు కదా.

వ్యాఖ్యానం గురించి నేను ఇంత పట్టుబట్టడానికి ఇంకో కారణం ఉంది. 1932లో టాకీలు వచ్చేశాక, యూనివర్సల్ కంపెనీ ఇదే 'షూస్'ని పది నిమిషాలకి కత్తిరించి, దానిమీద వెక్కిరింపుగా ఒక గొంతు పెట్టి, కామెడీ ముక్కగా వదిలింది. ఆ అమ్మాయి ఏడుస్తుంటే పైన జోకు. అప్పటికి వెబర్ బతికే ఉంది, అదే హాలీవుడ్‌లో ఉంది. తన సినిమా మీద తనది కాని గొంతు పడటం ఆవిడ కళ్ళముందే జరిగింది. తర్వాత నెదర్లాండ్స్‌లోని ఐ ఫిల్మ్ మ్యూజియం వాళ్ళు మిగిలిన నైట్రేటు ప్రింట్లు (అప్పటి పాతరకం ఫిల్ము) కూర్చుకుని 'షూస్'ని బాగుచేశారు, అందుకు ఆ కామెడీ ముక్క కూడా కొంత అక్కరకొచ్చింది. 2014లో దీన్నీ రిజిస్ట్రీలో చేర్చారు. మన మైకు పట్టుకున్నాయన వెక్కిరించడం లేదు, నిజానికి ఆయన గొంతులో చాలా జాలి ఉంది, అందులో సందేహం లేదు. కానీ ఇంత పాట్లుపడి బతికించిన బొమ్మ, దాని మాట దాన్ని చెప్పనివ్వడం న్యాయం.

రెండో ఆదివారం 'ద బ్లాట్'కి జనం ఎక్కువ వచ్చారు, అందులో టీచర్లే ఎక్కువ. 1921 నాటిది. కాలేజీ ప్రొఫెసరు గ్రిగ్స్ కుటుంబం, జీతం చాలదు. పక్కింట్లో బూట్లు తయారుచేసే ఓల్సెన్ కుటుంబం, డబ్బుకి లోటు లేదు, కొత్త కారు, వంటింటి నిండా తిండి. ప్రొఫెసరు కూతురు అమీలియా లైబ్రరీలో పనిచేస్తుంది, తండ్రి క్లాసులో అల్లరి చేసే డబ్బున్న కుర్రాడు ఫిల్ ఆమెని ఇష్టపడతాడు, బీద పాదిరీ ఒకాయన కూడా ఇష్టపడతాడు. ఇదంతా పైకి ప్రేమకథ. లోపల ఉన్నది ప్రొఫెసరు భార్య కథ. ఆవిడ తన వంటింటి కిటికీలోంచి పక్కింటి వంటింట్లోకి చూస్తూనే ఉంటుంది. ఇంట్లోకి ఎవరైనా వస్తే కుర్చీ చిరుగు, తివాచీ అరుగుదల వాళ్ళ కంట పడుతున్నాయేమో అని ఆవిడ గుండె కొట్టుకుంటుంది. మనకి ఆ చిరుగు దగ్గరగా చూపిస్తారు, అంతే. ఇంట్లో పిల్లి సైతం ఆకలికి పక్కింటి చెత్తడబ్బా దగ్గరికి పోతుంది.

కూతురికి జబ్బు చేస్తుంది, బలమైన తిండి పెట్టాలంటాడు డాక్టరు. తల్లి కోడి కొనడానికి వెళ్తే అరువివ్వరు. ఖాతా పాత బాకీ తీర్చందే కొత్త సరుకు లేదు, ఆ మాట మనకి ఏ భాషలో అయినా అర్థమవుతుంది. ఆవిడ ఇంటికొచ్చి, పక్కింటి కిటికీలో పెట్టి ఉన్న కోడిని చూసి, అటూ ఇటూ చూసి, చెయ్యి చాపి తీసేసుకుంటుంది. వెంటనే మనసొప్పక వెనక్కి పెట్టేస్తుంది. కూతురు తీసుకోవడం మాత్రమే చూస్తుంది, తిరిగి పెట్టేయడం చూడదు. ఈ ఘట్టంలో అక్షరాలు లేవు. మైకు కూడా ఊరుకుంది, ఎందుకో తెలీదు, బహుశా ఆయన కూడా మింగుడుపడక ఆగిపోయారేమో. హార్మోనియం మాస్టారు ఒక్క స్వరం పట్టుకుని ఉండిపోయారు. హాల్లో ఎవరూ కదల్లేదు. ఈ షోకి ఎలా ఉండాలో ఆ రెండు నిమిషాలే చూపించాయి, మిగతా అంతా అలా చేస్తే చాలు.

నా మటుకు నాకు ఈ సినిమా చూడటం అంత తేలిక కాలేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరని మా కాలేజీలో ప్రతి ఫంక్షన్లో గొప్పగా చెప్పుకుంటాం, నేనూ చెప్పుకుంటాను. గెస్ట్ లెక్చరర్లకి పీరియడ్ లెక్కన ఇచ్చే డబ్బులు ఎండాకాలం సెలవుల్లో రావు, ఆ రెండు నెలలు కిరాణా కొట్టు ముందు నుంచి వెళ్ళాల్సొస్తే పక్క సందులోంచి తిరిగి వెళ్తాను. గ్రిగ్స్ గారి ఇంటామె కిటికీ దగ్గర నిలబడ్డ తీరు నాకు తెలుసు. ఈ సినిమాని వెబర్ సెట్లు వేయకుండా నిజమైన ఇళ్ళలో తీసింది, అందుకే ఆ గోడలు, ఆ మెట్లు అంత నమ్మకంగా ఉంటాయి. ఒక్క విషయంలో ఆవిడతో పేచీ ఉంది. బూట్లు చేసే ఓల్సెన్ ఇంత సంపాదించడమే అన్యాయం అన్నట్టు మొదట్లో ఒక ధోరణి కనబడుతుంది, చేతిపని చేసేవాడికి డబ్బొస్తే ప్రొఫెసరుకి రావాల్సింది పోయినట్టు. కొమ్ము బొమ్మలు చెక్కే వాళ్ళున్న ఊళ్ళో కూర్చుని ఆ ధోరణి ఒప్పుకోవడం కష్టం. అయితే సినిమా పోను పోను ఓల్సెన్ మంచి మనిషిగానే తేలతాడు, వెబర్ అక్కడ సర్దుకుంది. ముగింపు మాత్రం అద్భుతం, అది చెప్పను, చూడండి. అన్నట్టు ఇది చాలాకాలం పోయిందనే అనుకున్నారు, 1975లో దొరికింది.

పరిచయంలో నాకు నచ్చనిది ఇంకొకటి. ఆవిడ పతనాన్ని ఒక్క ముక్కలో, "1922లో విడాకులయ్యాయి, ఆ తర్వాత కోలుకోలేదు" అని తేల్చేశారు. భర్త లేకపోతే ఆడది ఏం చేయలేదన్నట్టు వినబడింది, ఆయన ఉద్దేశం అది కాకపోయినా. జరిగింది వేరు. 1916లో ఆవిడ యూనివర్సల్‌లో అందరికన్నా పెద్ద పేరున్న దర్శకుల్లో ఒకరు, అక్కడి స్టూడియో ఊరు యూనివర్సల్ సిటీకి అంతకుముందే మేయరుగా కూడా గెలిచింది. 1917లో లాస్ ఏంజెలెస్‌లో సాంటా మోనికా బూలెవార్డ్ మీద సొంత స్టూడియో పెట్టుకుంది, కథ వరసలోనే షూటింగ్ చేసుకునేంత స్వేచ్ఛ ఉండేది. 1920లో ఫేమస్ ప్లేయర్స్-లాస్కీ వాళ్ళతో సినిమాకి 50,000 డాలర్ల ఒప్పందం. కానీ 'ద బ్లాట్'ని ఆ పెద్ద కంపెనీ తీసుకోలేదు, చిన్న పంపిణీదారు ద్వారా బయటికొచ్చింది. ఆ ఏళ్ళలోనే పెద్ద స్టూడియోలు హాళ్ళని కూడా కొనేసుకుంటున్నాయి, సొంతంగా తీసుకునేవాళ్ళకి బొమ్మ వేసుకునే చోటే లేకుండా పోయింది. మొదటి ప్రపంచయుద్ధం అయ్యాక జనం కూడా సరదాలు కోరుకున్నారు, బీదవాళ్ళ బూట్ల సంగతి ఎవరికి కావాలి? సొంత స్టూడియో పోయింది. అయినా ఆవిడ ఆగలేదు, 1923లో, 1926, 1927ల్లో మళ్ళీ సినిమాలు తీసింది, 1934లో హవాయి దీవుల్లో 'వైట్ హీట్' తీసింది, ఆవిడ తీసిన టాకీ అదొక్కటే, ఇప్పుడు దాని ప్రింటు కూడా లేదు. 1939లో పోయినప్పుడు చేతిలో డబ్బు లేదు, ఒకప్పుడు తన దగ్గర పని నేర్చుకున్న రచయిత్రి ఫ్రాన్సెస్ మారియన్ అంత్యక్రియల ఖర్చు పెట్టుకుంది. వంద దాటి సినిమాలు తీసిన మనిషివి ఇప్పుడు మిగిలినవి చాలా కొద్ది. ఇంత కథని విడాకుల మీదికి తోసేయడం అన్యాయం.

సౌకర్యాల మాట. కుర్చీలు ప్లాస్టిక్‌వి, వీపు నొప్పి ఉన్నవాళ్ళు దిండు తెచ్చుకోండి. ఫ్యాన్లు నాలుగే, ఎండాకాలం కష్టమే. ఆడవాళ్ళ బాత్రూమ్ శుభ్రంగా ఉంది, తాళం చెవి టికెట్లిచ్చే అమ్మాయి దగ్గర అడగాలి. ఇంటర్వెల్లో బయట గుప్‌చుప్ బండి, అల్లం టీ ఉంటాయి, బాగున్నాయి. బెర్హంపూర్ నుంచి, పాతపట్నం నుంచి వచ్చేవాళ్ళు షో అయ్యేసరికి ఎనిమిది దాటుతుందని గుర్తుపెట్టుకుని బస్సు సంగతి ముందే చూసుకోవాలి. ఒడియా చదివేటప్పుడు తెలుగువాళ్ళు మాట్లాడుకోవడం, తెలుగు చదివేటప్పుడు ఒడియావాళ్ళు మాట్లాడుకోవడం రెండూ జరిగాయి, దీనికి నిర్వాహకులని అనేదేం లేదు, మనమే కాస్త నోరు కట్టుకోవాలి. రెండు భాషలూ చదివేసరికి అక్షరాల కార్డు మీద బొమ్మ ఆపుతున్నారు, అది తప్పదు, బాగానే సర్దారు.

వచ్చే విడతలో 'ద డంబ్ గర్ల్ ఆఫ్ పోర్టిసి' వేస్తామన్నారు. 1916లోనే వెబర్ యూనివర్సల్‌కి తీసిన భారీ బొమ్మ, రష్యన్ నర్తకి అన్నా పావ్లోవా కథానాయికగా వేసిన ఒకే ఒక్క పూర్తి నిడివి సినిమా, నేపుల్స్‌లో 1647 నాటి తిరుగుబాటు కథ. ఆ కథానాయికకి మాటలు రావు, చెప్పేదంతా చేతులతో, ఒళ్ళుతో చెబుతుంది. మైకు పట్టుకునే బాబాయిగారికి నా విన్నపం, ఆ రోజు అక్షరాలు వచ్చినప్పుడు మాత్రం చదివి, మిగతా టైములో మీరూ మాతో పాటు కూర్చుని చూడండి. నిడివి రెండు గంటలకి కాస్త తక్కువ, చిన్నపిల్లలుంటే ఇంటర్వెల్ ఎక్కడిస్తారో ముందే అడగండి. టికెట్లు షో రోజు మధ్యాహ్నం మూడింటి నుంచి గోడౌను గుమ్మం దగ్గరే ఇస్తారు, ఈసారి ఆలస్యంగా వచ్చినవాళ్ళు నిలబడి చూశారు.